పెంపుడు ప్రాణి – విదేశ ప్రయాణం

విశాఖపట్టణం రాకపోకల నగరం. యారాడ కొండ సముద్రంలోకి ముక్కు చాచి అలల ధాటిని ఆపే చోట 1933 డిసెంబరులో ఓడరేవుకు ప్రారంభోత్సవం జరిగింది. అంతకు చాలా ముందే ఉత్తరాంధ్ర తీరంలోని రేవుల నుంచి వేలాదిమంది పొట్ట చేత పట్టుకొని బర్మాకు ఓడలెక్కారు. రంగూనును 'రంగం' అనీ, అక్కడికి పోవడాన్ని 'రంగం వెళ్ళడం' అనీ వ్యవహరించిన తరం అది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ నగరానికి మరొక ముఖాన్ని ఇచ్చింది. దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు వచ్చి ఉక్కునగరంలో స్థిరపడ్డారు. వారి పిల్లలు చదువులు ముగించుకొని అమెరికాకు, ఆస్ట్రేలియాకు, ఐరోపా దేశాలకు వెళ్తున్నారు.

రంగం వెళ్ళిన కూలీ వెంట ఒక మూట ఉండేది. నేటి ఉద్యోగి వెంట పెట్టెలుంటాయి, కాగితాలుంటాయి. కొన్ని ఇళ్ళలో వీటితోపాటు ఒక ప్రశ్న కూడా ఉంటుంది. తల్లిదండ్రులు ప్రయాణపు పత్రాలు సర్దుకుంటూ ఉండగా, పదేళ్ళ పిల్ల గుమ్మంలో పడుకొన్న కుక్కను చూపి, "మరి దీని వీసా ఏది నాన్నా?" అని అడుగుతుంది. పెద్దలు నవ్వుతారు. కాని అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు. మనుషుల కాగితాల కంటె ఆ కుక్క కాగితాలే ముందుగా మొదలుపెట్టవలసి ఉంటుంది. ఒక తేదీ తారుమారైతే నెలల శ్రమ మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంత కట్టుదిట్టం ఎందుకో, ఆ నియమాల వెనుక ఉన్న ఆలోచన ఏమిటో తెలిస్తే, అవి కేవలం అధికారుల చాదస్తం కాదని బోధపడుతుంది.

ఓడరేవులో పెరిగినవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. దూరదేశం నుంచి వచ్చిన ఓడ రేవు వెలుపల లంగరు వేసి పసుపుపచ్చని జెండా ఎగరవేయడం నావికుల ఆచారం. 'మా ఓడలో అంటువ్యాధి లేదు, లోనికి రావడానికి అనుమతి ఇవ్వండి' అని ఆ జెండాకు అర్థం. ఆరోగ్యాధికారి సరేనన్న తరువాతనే ఓడ రేవులోకి ప్రవేశిస్తుంది. ఈ పద్ధతికి మూలం మధ్యయుగపు మధ్యధరా రేవులలో ఉంది. ప్లేగు మహమ్మారి ఐరోపాను తుడిచిపెట్టిన తరువాత, 1377లో రగూసా నగరం బయటినుంచి వచ్చినవారిని ముప్పై రోజులపాటు దూరంగా ఉంచాలని శాసించింది. తరువాత ఆ గడువు నలభై రోజులైంది. ఇటలీవారి భాషలో 'నలభై' అనే అర్థమిచ్చే మాట నుంచే 'క్వారంటైన్' పుట్టింది. మన ఇళ్ళలో పురిటిమైల, అంటు అని కొన్ని రోజులు లెక్కించే అలవాటు ఉన్నది కనుక, రోజులు లెక్కపెట్టి దూరం ఉంచడమనే భావన మనకు సులభంగానే అర్థమవుతుంది.

మనుషులకు పుట్టిన ఈ నియమం పశువులకు అంతర్జాతీయ చట్టంగా మారిన కథలో భారతదేశానికి, అందులోనూ తెలుగు నేలకు, సంబంధం ఉంది. పందొమ్మిదవ శతాబ్దం నుంచి బ్రెజిల్ దేశపు పశుపోషకులు మన ఒంగోలు జాతి పశువులను ఓడలలో తీసుకువెళ్ళారు. ఆనాడు ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే ఆ జాతికి అక్కడ 'నెలోర్' అనే పేరు స్థిరపడింది. నేడు బ్రెజిల్ గోసంపదలో అత్యధిక భాగం ఆ రక్తమే. మన ఎద్దు మూపురం ఆ దేశపు పచ్చికబయళ్ళలో కనిపించడం తెలుగువారికి గర్వకారణమే. కాని ఈ ఓడ ప్రయాణాలకు మరొక పార్శ్వం కూడా ఉంది.

1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు పోతున్న పశువులను మార్గమధ్యంలో బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ రేవులో దించారు. వాటిలో ముసర వ్యాధి ఉంది. పశువైద్యులు దీనినే రిండర్‌పెస్ట్ అంటారు. ఆ వ్యాధి బెల్జియం పశువులకు సోకి దేశమంతటా భయం పుట్టించింది. ఒక దేశంలో బయలుదేరి, రెండవ దేశంలో ఆగి, మూడవ దేశానికి పోయే పశువు విషయంలో ఎవరికి ఎవరు జవాబుదారీ అనే ప్రశ్న అప్పుడు ఎదురైంది. దాని ఫలితంగా 1924 జనవరిలో 28 దేశాలు పారిస్‌లో ఒప్పందం చేసుకొని ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించాయి. అదే నేటి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ. బ్రెజిల్‌లోనూ 1921లో ఆ వ్యాధి కనిపించడంతో భారతదేశపు పశువుల దిగుమతిని ఆ దేశం నిషేధించింది. తరువాత ఎన్నో ఏళ్ళకు, 1960ల ఆరంభంలో కొద్ది పశువులకు అనుమతి లభించినప్పుడు, వాటిని నేరుగా ప్రధాన భూభాగంలో దించలేదు. అట్లాంటిక్ మహాసముద్రంలోని ఫెర్నాండో ది నొరోన్యా అనే ద్వీపంలో ముందుగా క్వారంటైన్‌లో ఉంచారు. ఒంగోలు సమీపంలోని కరవది పేరుతో ప్రసిద్ధికెక్కిన ఎద్దు బ్రెజిల్ చేరింది ఆ కాలంలోనే. ముసర వ్యాధి ప్రపంచం నుంచి పూర్తిగా తొలగిపోయినట్లు 2011లో ప్రకటించారు. రోజులు లెక్కపెట్టి దూరం ఉంచడం వృథా పోలేదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంట్లోని కుక్క విషయంలో పరదేశాలు భయపడేది ముసర వ్యాధికి కాదు, రేబిస్‌కు. ఈ వ్యాధి నడకను కొంత వివరంగా తెలుసుకోవాలి. ఎందుకంటే ప్రయాణపు నియమాలన్నీ ఆ నడకను అనుసరించే ఏర్పడ్డాయి. రేబిస్ క్రిమి రోగగ్రస్తమైన జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు ద్వారా శరీరంలో ప్రవేశించి, రక్తంలో కలిసి పరుగెత్తకుండా, నరాల వెంట మెల్లమెల్లగా మెదడు వైపు సాగుతుంది. ఆ ప్రయాణానికి కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్ని నెలలు పట్టవచ్చు. అంతకాలమూ జంతువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. క్రిమి మెదడును చేరి లక్షణాలు బయటపడిన తరువాత మాత్రం చికిత్స లేదు. మనిషికైనా, కుక్కకైనా మరణం దాదాపు నిశ్చయం. ప్రపంచంలో రేబిస్ వల్ల సంభవించే మరణాలలో సుమారు మూడోవంతు భారతదేశంలోనే సంభవిస్తున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకొన్న పెద్దలు ప్రతి వీధిలోనూ ఉంటారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత టీకాను 2005 ప్రాంతంలో మన దేశంలో ఆపివేశారు. ఇప్పటి టీకా సులభమైనది, భుజానికి వేసేది. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలునికి తొలిసారి ఈ వ్యాధికి టీకా వేసిన నాటినుంచి సాగిన కృషి ఫలితమది.

రేబిస్ లేని దేశాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ ద్వీపాలు. చుట్టూ సముద్రమే కోటగోడ గనుక ఒకసారి వ్యాధిని తుడిచిపెడితే, బయటినుంచి రాకుండా కాపలా కాయడం వారికి సాధ్యమవుతుంది. బ్రిటన్ 1902 నాటికి రేబిస్‌ను నిర్మూలించింది. కాని మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు తిరిగి వచ్చినప్పుడు వ్యాధి మళ్ళీ తలెత్తింది. యుద్ధభూమిలో మచ్చికైన కుక్కలను విడిచిపెట్టలేక కొందరు సైనికులు దొంగచాటుగా వెంట తెచ్చుకోవడమే ఇందుకు కారణమని భావిస్తారు. 1922లో గాని ఆ దేశం మళ్ళీ వ్యాధిరహితం కాలేదు. కందకాలలో తనతో చలికి వణికిన కుక్కను కోటు కింద దాచుకొన్న ఆ సైనికుణ్ణి నిందించడానికి మనసు ఒప్పదు. అయినా ఆ ప్రేమకు వెల చెల్లించినవారు వేరే ఉన్నారు. ఆ తరువాత దాదాపు ఇరవయ్యవ శతాబ్దం ముగిసే వరకు బ్రిటన్‌లో అడుగుపెట్టిన ప్రతి విదేశీ కుక్క, పిల్లి ఆరు నెలలు బోనులో గడపవలసి వచ్చింది. యజమానులు వారానికొకసారి వెళ్ళి కటకటాల బయటి నుంచి చూసి వచ్చేవారు. 2000 సంవత్సరం ఫిబ్రవరిలో ఆ విధానం సడలింది. బోనులో గడిపే కాలానికి బదులు ఇంటి దగ్గరనే గడిపే నిరీక్షణ కాలం వచ్చింది. నేటి ప్రయాణ నియమాలన్నిటికీ ఈ మార్పే ఆధారం.

ఆ నియమాలను విశాఖలోని ఒక కుటుంబానికి అన్వయించి చూద్దాం. వారు జర్మనీకి గాని, బ్రిటన్‌కు గాని వెళ్ళవలసి ఉందనుకొందాం. మొట్టమొదట పశువైద్యుడు కుక్క మెడ వెనుక చర్మం కింద ఒక మైక్రోచిప్‌ను ప్రవేశపెడతాడు. అది బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దది. అందులో బ్యాటరీ లేదు. చదివే యంత్రాన్ని దగ్గరకు తెచ్చినప్పుడు ఆ యంత్రం వెలువరించే రేడియో తరంగాల శక్తితోనే మేలుకొని తన పదిహేను అంకెల సంఖ్యను చెబుతుంది. అది కుక్క ఎక్కడ ఉన్నదో చెప్పదు. ఏ కుక్క అన్నది మాత్రమే చెబుతుంది. ఈ తేడా తెలియక, చిప్ ఉంటే తప్పిపోయిన కుక్కను ఇంట్లో కూర్చుని వెతకవచ్చునని పొరబడేవారు ఉన్నారు.

చిప్ తరువాతనే రేబిస్ టీకా వేయించాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కుక్కపిల్లగా ఉన్నప్పటి నుంచి ఏటేటా టీకాలు వేయించాము, పుస్తకంలో వైద్యుని సంతకాలున్నాయి, ఇక చిప్ ఒక్కటి పెట్టిస్తే సరిపోతుందని అనుకొంటారు. కాని ఆ టీకాలు ఈ కుక్కకే వేశారనడానికి సాక్ష్యం ఏది? గుర్తింపు సంఖ్య లేని రోజున వేసిన టీకా, పేరులేని చిరునామాకు వేసిన ఉత్తరం వంటిది. ఐరోపా దేశాల అధికారులు దానిని లెక్కలోకి తీసుకోరు. చిప్ పెట్టిన తరువాత మళ్ళీ టీకా వేయించవలసిందే.

టీకా వేసిన తరువాత కనీసం ముప్పై రోజులు ఆగి కుక్క రక్తాన్ని తీసి, ఆయా దేశాలు గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. టీకా వల్ల శరీరంలో తయారైన ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా ఉండాలి. ఫలితం బాగున్నదని సంతోషించి వెంటనే విమానం ఎక్కడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మరి మూడు నెలలు ఆగాలి. టీకా పనిచేసినదని తేలిన తరువాత కూడా ఈ నిరీక్షణ ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. రేబిస్ నడకను గుర్తు చేసుకొంటే సమాధానం దొరుకుతుంది. టీకా వేయడానికి ముందే ఆ కుక్కను ఏ పిచ్చికుక్కయినా కరచి ఉంటే? క్రిమి అప్పటికే నరాల వెంట ప్రయాణంలో ఉంటే? అటువంటి జంతువులో ఈ మూడు నెలలలో వ్యాధి బయటపడే అవకాశం ఎక్కువ. అంటే ఈ గడువు టీకాకు పరీక్ష కాదు, కాలానికి అప్పగించిన పరీక్ష. పాతకాలపు బోనులోని ఆరు నెలలే రూపం మార్చుకొని ఇంటి అరుగుమీదికి వచ్చాయన్నమాట.

లెక్క వేసి చూడండి. చిప్, టీకా, ముప్పై రోజులు, ఆపై మూడు నెలలు. ఎంత త్వరపడినా నాలుగు నెలలకు తక్కువ కాదు. ఆగస్టులో బయలుదేరవలసిన కుటుంబం మార్చిలోనే మేలుకోవాలి. ఉద్యోగపు ఉత్తర్వు చేతికి వచ్చి నెల తిరగకుండా చేరమనే కాలమిది. అందువల్ల ఇంటిపెద్ద ముందుగా వెళ్ళి, కుక్క గడువు తీరేవరకు తక్కినవారు విశాఖలోనే ఆగిపోయిన సంసారాలు ఉండడంలో వింత లేదు.

అమెరికా నియమాలు వేరు. భారతదేశం ఆ దేశపు 'రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల' జాబితాలో ఉంది. 2021 జూలైలో అటువంటి దేశాల నుంచి కుక్కల రాకను అమెరికా తాత్కాలికంగా నిలిపివేసింది. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి. చిప్, టీకాల వివరాలను మన ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించాలి. నిర్ణీతమైన కొద్ది విమానాశ్రయాలలోనే దిగాలి; అక్కడి గుర్తింపు పొందిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందుగా చోటు కుదుర్చుకోవాలి. సరైన రక్తపరీక్ష ఫలితం లేకపోతే ఆ కేంద్రంలోనే 28 రోజులు ఉంచుతారు, ఖర్చు యజమానిదే. పిల్లుల విషయంలో అమెరికా కేంద్ర నియమాలు ఇంత కఠినంగా లేవు.

ఆస్ట్రేలియా అన్నిటికన్నా కఠినం. భారతదేశం నుంచి నేరుగా కుక్కను గాని, పిల్లిని గాని ఆ దేశం అనుమతించదు. ముందుగా ఆస్ట్రేలియా ఆమోదించిన మరొక దేశానికి తీసుకువెళ్ళి, అక్కడ నియమాలన్నీ పూర్తిచేసి, ఆపై మెల్‌బోర్న్ సమీపంలోని మికిల్‌హామ్ ప్రభుత్వ కేంద్రంలో క్వారంటైన్ గడపాలి. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్ తన రెండు చిన్న కుక్కలను సొంత విమానంలో, అధికారులకు చెప్పకుండా ఆ దేశానికి తీసుకువెళ్ళాడు. యాభై గంటలలోగా వెనక్కు పంపకపోతే వాటిని చంపివేయవలసి వస్తుందని వ్యవసాయ మంత్రి ప్రకటించాడు. కుక్కలు తిరుగు విమానం ఎక్కాయి. ఆ తరువాతి సంవత్సరం నటుడు, అతని భార్య క్షమాపణ చెబుతూ కనిపించిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. ధనమూ, కీర్తీ పనిచేయని కొద్ది చోట్లలో క్వారంటైన్ కార్యాలయం ఒకటి.

కాగితాలన్నీ సిద్ధమైనా విశాఖవాసులకు మరొక అంచె మిగిలి ఉంటుంది. దేశం విడిచి వెళ్ళే జంతువుకు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రాలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు నగరాలలో ఉన్నాయి. ఇంత పెద్ద రేవు పట్టణమైనా విశాఖకు ఆ భాగ్యం లేదు. విదేశీ చేపల ఉత్పత్తులు దిగడానికి అనుమతించిన రేవులలో విశాఖ ఒకటి. కుక్కకు మాత్రం ఇక్కడ దారి లేదు. కాబట్టి హైదరాబాదుకో, చెన్నైకో వెళ్ళవలసిందే. రైలులో కుక్కను వెంట ఉంచుకోవాలంటే ఏసీ మొదటి తరగతిలో కూపేనో, కేబిన్‌నో మొత్తంగా తీసుకోవాలి. లేకపోతే గార్డు పెట్టెలోని కుక్కల గదిలో పంపాలి. ఎన్నడూ ఇల్లు కదలని జంతువుకు ఇనుప చక్రాల మోత నడుమ, ఒంటరిగా, చీకటిలో ఒక రాత్రంతా గడపడం విమానయానం కన్నా కష్టం కావచ్చు. కారులో తీసుకువెళ్ళి, దారిలో రెండు మూడు చోట్ల దించి నడిపించడం మేలు.

విమాన ప్రయాణానికి పెట్టె ముఖ్యం. కుక్క అందులో తల తగలకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాచి పడుకోగలగాలి. అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం జీవజంతువుల కోసం రూపొందించిన నియమావళి ఇదే చెబుతుంది. జంతువులను ఉంచే సరుకుల అరలో ప్రయాణికుల గదిలో ఉన్నట్లే గాలి పీడనం ఉంటుంది, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతారు. పెట్టెను ప్రయాణం నాడు కొని తెచ్చి కుక్కను అందులోకి తోయడం అన్యాయం. నెల ముందుగా ఇంట్లో ఒక మూల తలుపు తెరచి ఉంచి, అందులో దాని పాత దుప్పటి పరచి, అన్నం గిన్నె అందులోనే పెడుతూ ఉంటే, బయలుదేరే నాటికి అది ఆ పెట్టెను తన ఇంటిగానే భావిస్తుంది. భయపడుతుందని మత్తుమందు ఇవ్వడం ప్రమాదకరం. మత్తులో ఉన్న జంతువు కాలు నిలదొక్కుకోలేదు, ఊపిరి మందగిస్తుంది. పశువైద్యులు సాధారణంగా దీనిని వారిస్తారు.

ఊపిరి మాట వచ్చింది గనుక పగ్ జాతి కుక్క సంగతి చెప్పుకోవాలి. 2003లో వచ్చిన హచ్ ఫోను ప్రకటనలో ఒక చిన్నవాని వెంట నడిచిన పగ్ కుక్క దేశమంతటికీ ముద్దొచ్చింది. ఆ తరువాత ఊరూరా ఆ జాతి కుక్కలు కనిపించాయి. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడం ద్వారానే శరీరపు వేడిని తగ్గించుకొంటుంది. ముఖం నొక్కుకుపోయిన పగ్, బుల్‌డాగ్ వంటి జాతులకు శ్వాసనాళం ఇరుకు. కంగారు, వేడి తోడైతే వాటికి ఊపిరి అందదు. అందుకే అనేక విమాన సంస్థలు వాటిని సరుకుల అరలోకి తీసుకోవు. విశాఖ ఉక్కపోతలో వాటిని పెంచడమే ఒక సాహసం.

అసలు తీసుకువెళ్ళకూడని ప్రాణులు కూడా మన ఇళ్ళలో కనిపిస్తాయి. పంజరంలోని రామచిలుకను పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లో ఉంచుకోవడానికే హక్కు లేనప్పుడు విదేశానికి పంపే ప్రశ్న లేదు. మన రాష్ట్రపు పొదలలో తిరిగే నక్షత్ర తాబేలు వీపు మీది చుక్కల అందమే దానికి శత్రువైంది. దొంగరవాణా కారణంగా 2019లో దానికి అంతర్జాతీయ ఒప్పందంలో అత్యున్నత రక్షణ కల్పించారు.

శాంతికాలంలో నాలుగు నెలలు వేచి ఉండవచ్చు. యుద్ధం వస్తే? 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసినప్పుడు అక్కడ వైద్యవిద్య చదువుతున్న వేలాది భారతీయ విద్యార్థులలో తెలుగువారు కూడా ఉన్నారు. చలిలో, సరిహద్దుల వైపు కిలోమీటర్ల కొద్దీ నడిచిన ఆ విద్యార్థులలో కొందరి చేతులలో పిల్లులు, కుక్కపిల్లలు ఉన్నాయి. వాటిని విడిచి రాలేమని వారు పట్టుపట్టారు. వారికోసం భారత ప్రభుత్వం పెంపుడు జంతువుల దిగుమతి నియమాలను ఆ ఒక్క సందర్భానికి సడలించింది. వైమానిక దళ విమానాలలో విద్యార్థులతోపాటు ఆ మూగజీవాలు కూడా దేశం చేరాయి. చట్టం ఎక్కడ బిగియాలో, ఎక్కడ వంగాలో తెలిసిన ఉత్తర్వు అది.

అదే సమయంలో మన తణుకు పట్టణానికి చెందిన గిరికుమార్ పాటిల్ అనే వైద్యుని కథ పత్రికలకెక్కింది. ఉన్నత చదువుకు ఉక్రెయిన్ వెళ్ళి అక్కడే స్థిరపడిన ఆయన ఒక జాగ్వార్‌ను, ఒక నల్ల చిరుతను పెంచుకొంటున్నారు. వాటి పేర్లు యాషా, సబ్రీనా. బాంబుల మోతలో నేలమాళిగలో వాటితోపాటు తలదాచుకొని, అవి లేకుండా దేశానికి రానని ఆయన చెప్పారు. పెద్ద పిల్లుల జాతికి చెందిన ఆ మృగాలకు పెంపుడు జంతువుల సడలింపు వర్తించదు. వన్యప్రాణుల రవాణాకు అంతర్జాతీయ ఒప్పందాలున్నాయి. చివరకు వాటి పోషణకు డబ్బు సంపాదించడం కోసం ఒక రైతుకు వాటిని అప్పగించి ఆయన పోలెండుకు వెళ్ళారు. భారత ప్రభుత్వానికి విజ్ఞప్తులు చేశారు. ఆయన మమకారాన్ని శంకించలేము. కాని అడవిలో తిరగవలసిన మృగాన్ని ఇంట్లో పెంచుకొన్ననాడే ఈ చిక్కుముడికి మొదటి పేట పడిందని అనుకోక తప్పదు.

ఈ వార్తలు చదివినప్పుడు భారతంలోని మహాప్రస్థానిక పర్వం గుర్తుకు రావడం సహజం. తమ్ములూ, ద్రౌపదీ దారిలో ఒక్కొక్కరే నేలకొరిగిన తరువాత ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు. కుక్కకు స్వర్గంలో చోటు లేదంటాడు. నమ్మి వెంట వచ్చినదానిని వదిలి తాను రానని ధర్మరాజు నిలిచిపోతాడు. అప్పుడా కుక్క యమధర్మరాజుగా సాక్షాత్కరిస్తాడు. తిక్కన తెలుగు చేసిన ఈ ఘట్టాన్ని మన పెద్దలు తరతరాలుగా చెప్పుకొన్నారు. ఇంద్రుడు ఆరోగ్యపత్రం అడగలేదు గనుక ధర్మరాజు పని తేలికయిందని ఎవరైనా పరిహాసమాడవచ్చు. అయినా ఆయన ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు.

దానికి అన్ని ఇళ్ళలోనూ ఒకే జవాబు ఉండదు. పన్నెండేళ్ళు నిండి, కీళ్ళు పట్టేసి, చూపు మందగించిన కుక్కను ఇరవై నాలుగు గంటలు పెట్టెలో కూర్చోబెట్టి, చలిదేశంలో ఆరవ అంతస్తులోని గదికి చేర్చడం దాని మేలు కోసమా, మన తృప్తి కోసమా అని ఆలోచించాలి. తాతగారు ఉదయం బీచిరోడ్డు వరకు నడిపించే కుక్కను ఆయన వద్దనే ఉంచడం ఎంతో మంచిది. మనుమలు దూరమైన ఇంట్లో ఆయనకూ అది తోడు. అటువంటివారు లేనప్పుడు నమ్మకస్థులైన మిత్రులను నెలల ముందుగా వెతకాలి. కుక్కను వారికి, వారిని కుక్కకు అలవాటు చేయాలి. చేయకూడనిది ఒక్కటే. రాత్రివేళ కారులో తీసుకువెళ్ళి, పేరు తెలియని వీధిలో దించి వెనుదిరగడం. మెడలో పట్టీ ఊడదీసిన గుర్తు ఇంకా మాయని కుక్క ఏ కారు శబ్దం వినిపించినా పరుగెత్తుకు వచ్చి చూస్తుంది. వీధికుక్కల గుంపు దానిని దరి చేరనీయదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం ఇది నేరమే. అయితే ఆ చట్టం మొదటిసారి తప్పుకు విధించిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు మాత్రమే. 1996 నుంచి విశాఖలో జంతువుల కోసం కృషి చేస్తున్న 'విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్' వంటి సంస్థలు దిక్కులేని ప్రాణులను ఆదుకొంటున్నాయి. అటువంటి సంస్థ గుమ్మం దగ్గర కట్టివేసి పోవడం కూడా విడిచిపెట్టడమే అవుతుంది.

వెళ్ళినవారు కొందరు కొన్నేళ్ళకు తిరిగి వస్తారు. రెండేళ్ళు గాని, అంతకు మించి గాని విదేశంలో నివసించి, స్వదేశానికి నివాసం మార్చుకొనేవారు రెండు పెంపుడు జంతువుల వరకు సామానుతోపాటు తెచ్చుకోవచ్చు. అందుకు జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి ముందుగా అనుమతి పొందాలి. టీకాల పత్రం, అక్కడి ప్రభుత్వ పశువైద్యుని ధ్రువపత్రం మళ్ళీ సిద్ధం చేసుకోవాలి. దిగవలసినదీ అటువంటి కేంద్రం ఉన్న నగరంలోనే. అక్కడి అధికారి మెడ మీద యంత్రం ఉంచి పదిహేను అంకెలు సరిచూసుకొన్న తరువాత, మిగిలిన దారి రైలులోనో, కారులోనో సాగుతుంది. ఉక్కునగరం వారైతే విశాఖ వరకు పోనక్కరలేదు; ఒక స్టేషను ముందుగా, దువ్వాడలో దిగిపోతారు.